వాటాలు మూడు, చీపురు ఒకటి

రాత్రి తొమ్మిదిన్నర అయ్యేసరికి మా ఇంట్లో ఒక పని మొదలవుతుంది. తలుపులు వెయ్యడం. నవ్వకండి, అది నిజంగా పనే. ఇంటికి మొత్తం 14 తలుపులు, వాటిలో బయటికి తెరుచుకునేవి తొమ్మిది. ఒక్కోదానికి రెండు రెక్కలు, పైన గడియ, కింద గడియ, మధ్యలో అడ్డకర్ర. వానాకాలంలో తూర్పు తలుపు చెక్క ఉబ్బిపోయి భుజం ఆనించి నెడితే తప్ప పడదు. అదే తలుపు ఏప్రిల్ వచ్చేసరికి వదులైపోయి రాత్రంతా టకటకలాడుతుంది, నిద్రలో లేచి అట్టముక్క మడిచి సందులో దూర్చాలి. కిటికీలు 22. అన్నీ వేసి, పెరటి లైటు వేసి, వీధి గేటు తాళం ఒకసారి లాగి చూసి వచ్చి కూర్చునేసరికి పావుగంట. మా ఆయన వెయ్యరా అంటే వేస్తారు, తూర్పు తలుపు మాత్రం మర్చిపోతారు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చి 26 ఏళ్ళు. మొన్న ఏదో తిక్కలో లెక్క వేస్తే ఈ పావుగంటలన్నీ కలిపి దాదాపు 99 రోజులు తేలింది. మూడు నెలల పైన, తిండీ నిద్రా లేకుండా, తలుపులే వేశానన్నమాట.

మేముండేది విజయనగరంలో కంటోన్మెంట్ వైపు. దొరల కాలంలో అక్కడ పటాలం ఉండేది, పటాలం పోయినా పేరు ఉండిపోయింది. ఈ ఇల్లు కూడా ఎవరో మిలిటరీ దొర కట్టించుకున్నదేనని మా మావయ్యగారు చెప్పేవారు గానీ, కాగితం మాత్రం ఆయన తండ్రిగారు కొన్నప్పటిదే ఉంది. ఆయన ప్లీడరు. పాతకాలపు ఆటోవాళ్ళకి ఇప్పటికీ ప్లీడరుగారి బంగళా అంటే చాలు, తీసుకొచ్చి దింపేస్తారు. కొత్తగా పరిచయమైనవాళ్ళు ఆ మాట వినగానే "బంగళాలో ఉంటారా! ఎంత అదృష్టమండీ" అంటారు. ఇన్నేళ్ళూ నవ్వి ఊరుకున్నాను. ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు, అందుకే ఇదంతా రాయడం.

ముందు ఆ మాట సంగతి చెప్పేస్తాను. బంగళా అంటే మనకి పెద్ద ఇల్లు, డబ్బున్నవాళ్ళ ఇల్లు. అసలు అర్థం "బెంగాల్ తరహాది" అని, అంతే. బెంగాల్లో మామూలు జనం కట్టుకునే ఒంటి అంతస్తు వాలుకప్పు ఇంటిని చూసి ఈస్టిండియా కంపెనీ వాళ్ళు దాన్ని పెంచి, వరండాలు తగిలించి, తమకి వీలుగా మార్చుకున్నారు. ఆ మాట ఓడెక్కి వాళ్ళ దేశమూ వెళ్ళింది, 1870 ప్రాంతంలో కెంట్ సముద్రతీరాన ఇంగ్లండు మొదటి బంగళాలు లేచాయి. ఇప్పుడక్కడ బంగళా అంటే మెట్లు లేని ఇల్లు, ఎక్కువగా రిటైరైనవాళ్ళు మోకాళ్ళకి భయపడి వెతుక్కునేది. మన దగ్గరేమో సినిమాల్లో జమీందారు చేతికర్ర ఊపుకుంటూ దిగొచ్చే మెట్లుంటేనే బంగళా. మా ఇల్లు దొరల లెక్కలో బంగళాయే: ఒక్కటే అంతస్తు, మూడు వైపులా వరండా, పైన బంగాళా పెంకు, దాని కింద చెక్క సీలింగు, 14 అడుగుల ఎత్తు, మూరెడు మందం గోడలు. (ఆ పెంకుకీ బెంగాల్‌కీ మాత్రం చుట్టరికం లేదు, అది 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో పెట్టిన ఫ్యాక్టరీ నుంచి దేశమంతా పాకిన రకం.)

చల్లగా ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, అబద్ధమెందుకు చెప్పాలి. మే నెల మధ్యాహ్నం రెండింటికి బజారు నుంచి వచ్చి నడిమి గదిలో అడుగు పెడితే నూతిలోకి దిగినట్టుంటుంది. వరండా ఉండబట్టి ఎండ నేరుగా గోడని తాకదు, తాకిన చోట కూడా ఆ మందం ఇటుకా సున్నమూ వేడెక్కేసరికి సాయంత్రం అయిపోతుంది, లోపల కాగిన గాలి పైకి పోయి సీలింగు కింది చిన్న కిటికీల్లోంచి జారుకుంటుంది. అయితే ఆ గోడ రాత్రి ఏం చేస్తుందో ఎవరూ చెప్పరు. పగలంతా తాగిన వేడిని పదింటి నుంచి కక్కుతుంది. దానికి తోడు మన సముద్రపు ఉక్క. మా పడకగది 20 అడుగులు, 18 అడుగులు, ఎత్తు 14, అంటే 5,040 ఘనపుటడుగుల గాలి. అపార్ట్‌మెంట్‌లో మా చెల్లి పడకగది 12, 11, ఎత్తు 10, అంటే 1,320. దాని ఏసీ పది నిమిషాల్లో దుప్పటి కప్పుకోమంటుంది. మా గదిలో ఒకటిన్నర టన్నుది పెట్టిస్తే పాపం అది తెల్లవారుజాము దాకా మొత్తుకుని, సరిగ్గా మేం లేచే వేళకి గదిని చల్లబరుస్తుంది.

మరి ఆ దొర ఏసీ లేకుండా ఎలా పడుకున్నాడు? ఈ ప్రశ్నకి జవాబు మా గోడలోనే ఉంది, మాకే చాలా ఏళ్ళు తెలియలేదు.

నడిమి గది గోడలో తలకంటే ఎత్తున మూడు వేళ్ళు పట్టేంత బెజ్జం ఒకటుంది, ఇటు నుంచి అటు వరండాలోకి. అంచు చుట్టూ ఇత్తడి రింగు, ఒక పక్క అరిగి పల్చబడి ఉంటుంది. పాతకాలం కరెంటు వైరు కోసమని మా ఆయన అనేవారు. మా అబ్బాయి చిన్నప్పుడు కుర్చీ ఎక్కి అందులో గోళీలు వేసేవాడు, అవతల వరండాలో టప్‌మని పడితే పరిగెత్తుకెళ్ళి ఏరుకునేవాడు. 2016లో గోడల పని చెయ్యడానికి వచ్చిన ముసలి తాపీ మేస్త్రి ఆ రింగు మీద వేలు పెట్టి చూసి, పైన దూలానికున్న ఇనప కొక్కేలు చూసి, "ఓలమ్మా, ఇది పంకా తాడు బెజ్జం గదమ్మా! ఆ కొక్కేలకి పంకా ఏలాడేది. తాడు ఇందులోంచి బయటికొచ్చేది. వరండాలో మనిసి కూకొని రాత్రంతా లాగీవోడు" అన్నాడు. ఇత్తడి ఒక పక్కే ఎందుకు అరిగిందో అప్పుడర్థమైంది. మంచం మీద పడుకున్నవాడికి ఆ లాగేవాడు కనబడకూడదు, ఉక్కలో వాడి చెమట వాసన లోపలికి రాకూడదు, గాలి మాత్రం రావాలి. దానికే బెజ్జం.

అప్పటి నుంచి ఈ ఇంటి గురించి ఎవరేం పొగిడినా నాకు ఆ బెజ్జమే గుర్తొస్తుంది. ఎత్తు సీలింగు బాగుంటుంది, బూజు దులపడానికి రెండు కర్రలు కలిపి కట్టుకుని మెడ వెనక్కి వాల్చే మనిషి ఒకరుంటే. ఎర్ర గచ్చు అద్దంలా మెరుస్తుంది, దాన్ని రుద్దే మోకాళ్ళుంటే. నూతి నీళ్ళు తియ్యగా ఉంటాయి, తోడే చేతులుంటే. మా అత్తయ్య లెక్క ప్రకారం ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో ఈ ఇంటికి ఏడుగురు పనివాళ్ళు: వంటావిడ, నీళ్ళు తోడే మనిషి, తోట చూసే ముసలాయన, ఇద్దరు పాలికాపులు, గిన్నెలకొకామె. ఆరు వచ్చారు కదా? ఏడో మనిషి మాట ఆవిడ మొదట ఎత్తలేదు. పెరటి ప్రహరీ మూల మూసేసిన గుమ్మం ఆనవాలు ఒకటుంది, తల వంచితే గానీ దూరలేనంత పొట్టిది. పొద్దున్నే వెనక సందులోంచి ఆ గుమ్మం గుండా ఒకామె వచ్చి మరుగుదొడ్డిలో మలం ఎత్తుకుని పోయేదట. సెప్టిక్ ట్యాంకు కట్టించాక గుమ్మం మూయించేశారు. ఆమె పేరేమిటి అత్తయ్యా అని అడిగితే, చాలాసేపు ఆలోచించి, "తెలీదే, మేం చూసేవాళ్ళం కాదు" అన్నారు. దేశంలో ఆ పనిని నిషేధిస్తూ 1993లో చట్టం చేశారు, 2013లో మళ్ళీ ఇంకోటి చెయ్యాల్సి వచ్చింది. పాత బంగళాలు ఎంత అందంగా కట్టేవారో అని ఫొటోలు పెట్టేవాళ్ళు ఆ వెనక గుమ్మం ఫొటో కూడా ఒకటి పెడితే బాగుండును.

ఆ ఏడుగురి పనిలో ఇప్పుడు రోజుకి రెండు గంటలు ఒకామె చేస్తుంది, మిగతాది నేను. ఆమె జీతం పెంచమని అడిగిన తీరు నాకు భలే నచ్చింది. "మీ ఇల్లొక్కటి తుడిసీసరికి అపాట్మెంట్ల మూడిళ్ళు అయిపోతాయమ్మా, మరి మూడిళ్ళ జీతం ఇవ్వండి" అంది. దానికి జవాబేముంది, ఇచ్చాను.

మేస్త్రి ఎందుకొచ్చాడో చెప్పలేదు కదూ. 2012లో వరండా వైపు గోడ అడుగున కొంచెం పెచ్చులు ఊడాయి. ఒక కాంట్రాక్టరు వచ్చి, పాత సున్నం దేనికండీ, సిమెంటుతో లాగించేస్తే మళ్ళీ చూడక్కర్లేదన్నాడు. లాగించేశాడు. నున్నగా, కొత్త పెళ్ళికొడుకులా ఉంది గోడ. రెండో వానాకాలానికి అడుగు నుంచి చెమ్మ నా నడుం దాకా ఎక్కింది. మూడో ఏడు తెల్లటి ఉప్పు పూసి, సిమెంటు పలకలు పలకలుగా, లోపలి ఇటుక ముక్కని కూడా పట్టుకుని ఊడిపడ్డం మొదలైంది. మేస్త్రి వివరం చెప్పాడు: పాత గోడకి పునాది దగ్గర చెమ్మ ఆపే ఏర్పాటేమీ ఉండదు, నేలలోంచి ఎప్పుడూ కొంత తేమ పైకి పీలుస్తూనే ఉంటుంది, సున్నమైతే దాన్ని బయటికి వదిలేస్తుంది, సిమెంటు దారి మూసేస్తుంది, లోపల చిక్కుకున్న తేమ పైకి ఎక్కి, తేమతో వచ్చిన ఉప్పు పెళ్ళని తన్నేస్తుంది. అంతా గీకించి మళ్ళీ సున్నమే వేయించాం. గీకడానికి అయిన కూలి, వెయ్యడానికి అయినదానికంటే ఎక్కువ. పాత ఇల్లు ఉన్నవాళ్ళు నా మాట ఒక్కటి వినండి, సిమెంటు బస్తాతో వచ్చినవాణ్ణి గేటు దగ్గరే ఆపి మజ్జిగిచ్చి పంపెయ్యండి.

పెంకు గోల వేరే. కోతులు ఒక గుంపుగా వచ్చి వెళ్తే పాతిక పెంకులైనా పోతాయి. తొలకరి లోపల తిరగనేయించాలి, నేసేవాళ్ళు దొరకరు, దొరికినా ఈ వయసులో మేం పైకెక్కలేం బాబూ అంటారు, వాళ్ళ పిల్లలు ఆ పని నేర్చుకోలేదు. ఇంకో దుఃఖం ఎవరూ ఊహించనిది: పెంకుటింటికి డాబా ఉండదు కాబట్టి ఇంత బంగళాలో వడియాలు ఆరబెట్టుకునే చోటు లేదు! ప్రతి ఏడూ చెల్లెలి అపార్ట్‌మెంట్ మేడ మీదకి పిండి గిన్నె పట్టుకుని వెళ్తాను.

2014లో మా ఊరి పైడితల్లమ్మ జాతర, సిరిమాను, అయి వారం తిరక్కుండానే హుద్‌హుద్ వచ్చింది. అక్టోబరు 12, ఆదివారం. తుఫాను విశాఖ దగ్గర తీరం దాటితే ఇక్కడ మా వరండా కప్పు చివరి వరస నుంచి లేవడం మొదలైంది. పెంకు పగిలే చప్పుడు కాదు భయం, రెండు పెంకుల మధ్య కాసేపు ఏ చప్పుడూ ఉండదు చూడండి, అదీ భయం. మావయ్యగారు నడిమి గదిలో కుర్చీ వేసుక్కూర్చుని ఒకటీ రెండూ అని లెక్కపెడుతూ ఉన్నారు, నలభై దాటాక మానేశారు. తెల్లారి చూస్తే పెరట్లో పనస చెట్టు నూతి గట్టు మీద పడుంది. సంక్రాంతి దాకా నీలం టార్పాలిన్ కిందే ఉన్నాం, ఎందుకంటే ఉత్తరాంధ్ర అంతా అదే పెంకు కోసం తిరుగుతోంది.

కానీ ఆ వారంలోనే ఈ ఇంటి గొప్పతనమూ చూశాను, అది దాచకూడదు. కరెంటు లేదు. కరెంటు లేకపోతే అపార్ట్‌మెంట్లలో మోటారు ఆడదు, మోటారు ఆడకపోతే నాలుగో అంతస్తులో చెంబుడు నీళ్ళు ఉండవు. పనస కొమ్మలు నరికి తీసేసి, నూతికి పాత గిలక బిగించాం. పొద్దున్న అయిదు నుంచి బిందెలతో వీధి వీధంతా వచ్చింది. అంతకుముందు పదేళ్ళలో పలకరించని ఇళ్ళవాళ్ళ పేర్లు నాకు ఆ వారమే తెలిశాయి.

మా కన్నవారిది కవిటి వైపు, ఉద్దానం. మా అమ్మమ్మ చుట్టింట్లో ఉండేది. తెలియనివాళ్ళకి చెప్తున్నాను, గుండ్రటి మట్టిగోడ, పైన తాటాకు కప్పు దాదాపు నేలని తాకేలా దిగి ఉంటుంది, గాలికి పట్టుకోవడానికి మూల దొరకదు, చుట్టూ జారిపోతుంది. మా తీరం అంతటా తుఫాన్లకి జనం కనిపెట్టుకున్న జవాబది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరినీ జీడినీ నేలకూల్చినప్పుడు మా అమ్మమ్మా లేదు, ఆ చుట్టిల్లూ లేదు. ఆకు రెండు మూడేళ్ళకోసారి మార్చాలి, నిప్పు భయం, దాన్ని నేనేమీ స్వర్గం అనను. కానీ లోపల ఊడ్చడానికి ఆవిడకి అయిదు నిమిషాలు పట్టేది. ఆ ఒక్క విషయంలో మా అమ్మమ్మే నాకంటే దొర.

మావయ్యగారు 2019లో పోయారు. ఈ ఇల్లు అమ్మే మాట వచ్చినప్పుడల్లా నా నోరు కట్టేసేది ఆ రోజే. రాత్రి ఆసుపత్రి నుంచి తీసుకొచ్చాం. అంబులెన్సు నేరుగా మెట్ల దాకా వచ్చింది, లిఫ్టులో ఎలా నిలబెట్టాలి, వాచ్‌మన్‌కి చెప్పాలా, సెక్రటరీ ఏమంటాడు, ఈ గొడవల్లేవు. వరండాలో, ఆయన రోజూ పేపరు చదివిన చోటే పడుకోబెట్టాం. తెల్లారేసరికి రెండు వందల మంది వచ్చి ఉంటారు, కోర్టు గుమాస్తాల దగ్గర్నుంచి కూరగాయల బండాయన దాకా, అందరూ బాదంచెట్టు కింద కూర్చున్నారు, ఎవరూ ఎవరి గుమ్మానికీ అడ్డం కాలేదు. పదకొండు రోజుల కార్యక్రమమూ పెరట్లోనే జరిగింది. అదే ఏడాది మాకు తెలిసిన ఒకరింట్లో తండ్రి పోతే అపార్ట్‌మెంట్ వాళ్ళు శవాన్ని పైకి తేవద్దన్నారు, కింద స్కూటర్లు పెట్టేచోట రెండు గంటలుంచి తీసుకెళ్ళారు. ఆ కొడుకు ముఖం నేను మర్చిపోలేను. మనిషి బతకడానికి ఎన్ని గదులు కావాలో వాదించుకోవచ్చు గానీ, పోయినప్పుడు పడుకోబెట్టడానికి సొంత నేల ఆరడుగులు లేకపోవడం మాత్రం నాకు పేదరికంలాగే కనిపిస్తుంది, ఫ్లాటు ఎన్ని లక్షలదైనా సరే.

అత్తయ్యకిప్పుడు 83. లోపల మెట్లు లేవు, అది వరం. ఇల్లు మూడడుగుల దిమ్మ మీద ఉంటుంది కాబట్టి వీధిలోకి దిగాలంటే అయిదు మెట్లు, అది శాపం. పక్కగా ర్యాంపు కట్టించాం. పొద్దున్నే వరండా కుర్చీలో కూర్చుంటే పాలాయన, పూలామె, వాకింగ్‌కెళ్ళే రిటైర్డు మాస్టార్లు, అందరూ ఒక మాట అనేసి పోతారు, ఆవిడకి టీవీ అక్కర్లేదు. రాత్రి మాత్రం ఆవిడ గదికీ మా గదికీ 47 అడుగుల దూరం, కేకేస్తే వినబడదు. అంచేత ఒకే ఇంట్లో ఉండి అత్తాకోడళ్ళం సెల్‌ఫోన్లో మాట్లాడుకుంటాం.

ఇక అసలు గొడవ. స్థలం 22 సెంట్లు, అంటే సుమారు 1,065 గజాలు. భోగాపురం ఎయిర్‌పోర్టు మాట మొదలైనప్పటి నుంచి బిల్డర్ల ఫోన్లు ఆగడం లేదు: "మీరు స్థలమివ్వండి మేడమ్, సగం ఫ్లాట్లు మీవి." 2021 నుంచి ఇంటి పన్నూ అద్దె విలువని కాకుండా ఆస్తి విలువని బట్టి వేస్తున్నారు, అంటే బయట ధర పెరిగిన కొద్దీ, మేం పైసా సంపాదించకపోయినా, ఇంట్లో కూర్చున్నందుకే కట్టేది పెరుగుతుంది. ఇంటికి వాటాదార్లు ముగ్గురు, మా ఆయనా ఇద్దరు మరుదులూ. పెద్ద మరిది హైదరాబాదులో పద్నాలుగో అంతస్తులో ఉంటాడు, చిన్నవాడు విదేశంలో. ప్రతి దసరాకీ వస్తారు, సోమవారం తొలేళ్ళు, మంగళవారం సిరిమాను చూసుకుని, వరండాలో వరసగా నిలబడి ఫొటో తీయించుకుని, కాఫీ తాగుతూ అంటారు: "ఏమైనా ఈ ఇల్లు అమ్మకూడదు వదినా. అది మన మూలం." నిజమే నాయనా, మూలమే. మూలకి పట్టిన బూజెవరు దులపాలి?

వాళ్ళ ప్రేమ అబద్ధమని నేననను. వాళ్ళు పుట్టి పెరిగిన ఇల్లు, నాకంటే వాళ్ళకే ఎక్కువ. కానీ ఏడాదికి నాలుగు రోజులు ఉండేవాడి కళ్ళకి ఇల్లు పంకా గాలిలా ఉంటుంది, తాడు లాగేది ఎవరో కనబడదు. అందుకని పోయిన దసరాకి నేనొక మాట పెట్టాను. అమ్మొద్దంటే అమ్మొద్దు, సరే. ముగ్గురూ తలా నాలుగు నెలల పని భరించండి. ఉండి చేస్తారో, మనిషిని పెట్టి జీతమిస్తారో మీ ఇష్టం. పెంకూ సున్నమూ చెదలమందూ పన్నూ మూడు వాటాలు. లేదూ, అత్తయ్య తరవాత దీన్ని అమ్మడానికి ఇప్పుడే ఒప్పుకోండి. ఆవిడ ఉండగా ఆ వరండా కుర్చీ కదపడానికి నేను కూడా ఒప్పుకోను. నాకు కావలసిందేమిటో కూడా చెప్పాను: ఈ స్థలంలోనే ఒక మూల మూడు గదులు, ఒక్క అంతస్తు, ముందు ఆరడుగుల వరండా, పైన డాబా, నాలుగంటే నాలుగు తలుపులు. ఆలోచిస్తే నేనడుగుతున్నదే అసలైన బంగళా, దొరలు పెంచకముందుది.

ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న పనామె రాలేదు, సిరిమాను మర్నాడు ఎవరొస్తారు. నేను కొబ్బరి చీపురు తీసుకుని వాకిట్లోకి దిగబోతుంటే పెద్ద మరిది "ఇటివ్వు వదినా, నేను ఊడుస్తాను" అని లాక్కున్నాడు. ఇచ్చేశాను. బాదం ఆకులు ఒకవైపు ఊడుస్తుంటే రెండోవైపు పడతాయి, ముందు గేటు దగ్గర మొదలుపెట్టాలి, గాలి ఎటుందో చూసుకోవాలి, అవేవీ నేను చెప్పలేదు. వరండా చివర అత్తయ్య పక్కన కూర్చుని కాఫీ తాగాను, వేడిగా ఉండగానే. అరగంట తరవాత వచ్చాడు, సగం వాకిలి అయింది.

"వదినా, ఇది రోజూనా?"

"పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి."

కాసేపు చీపురు చివర చూస్తూ నిలబడ్డాడు. ఇల్లు అమ్మొద్దనీ అనలేదు, అమ్ముదామనీ అనలేదు. బొటనవేలి దగ్గర పొక్కొచ్చిందట, కొబ్బరినూనె ఉందా అని అడిగాడు.